సికింద్రాబాద్‌లో చివరి మంచు తేదీ

డిసెంబరు రెండో ఆదివారం మా ముందుగదిలో ఉన్నవారు: నేను, మా సుగుణ పెద్దమ్మ, కింది వాటాలో ఉంటూ తోపుడుబండి మీద ఆకుకూరలు అమ్మే యాదమ్మక్క. ఉన్నవి: మట్టి నింపిన కుండీలు నలభై, పెటూనియా పూల విత్తనాల పొట్లాలు తొమ్మిది, ట్యూబ్‌లైట్లు రెండు, నేను లామినేషన్ చేయించిన తోట ప్రణాళిక ఒకటి. లేనిది ఇంగితం. అది లేనందువల్ల ఎంత విధ్వంసం జరిగిందో ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను.

అప్పటికి నేను కొత్తగా ఇంజినీరునయ్యాను. టీ పెట్టుకోవడానికి కూడా దశలవారీ జాబితా రాసుకునే రోజులవి. ఈస్టర్‌కి చర్చిలో వేదిక అలంకరణ పెద్దమ్మ బాధ్యత. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి, ఇచ్చిన మాట తప్పి ఎరగదు. అలాంటి పెద్దమ్మ నా ప్రణాళిక చూసి మురిసిపోయి, చర్చి స్త్రీల సమాజంలో లేచి నిలబడి, "ఈసారి పూలన్నీ మా డాబా మీది నుంచే" అని ప్రకటించేసింది.

నిజానికి ఆ ప్రణాళిక ఎవరో చలిదేశపు తోటమాలి ఇంటర్నెట్‌లో రాసింది. శీతాకాలమంతా నారును ఇంట్లో వెచ్చగా ఉంచాలట. చివరి మంచు కురిశాకే బయట పెట్టాలట. నేను అక్షరం మార్చలేదు.

"ఇంట్ల లైటు కింద ఏంది తమ్మీ? డాబా మీద పెట్టు, గిప్పుడే గద సీజను" అంది యాదమ్మక్క.

"బయట చలి అక్కా."

"చలికే గద పూసేది. జెర నా మాటిను."

"ఇందులో అలా లేదు" అని లామినేషన్ చూపించాను. ఆవిడ దాన్ని రద్దయిన బస్సు టైంటేబుల్ చూసినట్టు చూసి, నేను విత్తగా మిగిలిన ఒక పొట్లం పట్టుకుపోయింది.

ఫిబ్రవరి మధ్యకి ఆవిడ గుమ్మం ముందు నూనెడబ్బాల్లో పెటూనియాలు విరగబూశాయి. నాకు అర్థం కాలేదు. నా మొక్కలేమో కిక్కిరిసిన ఎంఎంటీఎస్ రైల్లో గాలి కోసం కిటికీ వైపు మెడలు చాచిన ప్రయాణికుల్లా ట్యూబ్‌లైటు వైపు సాగాయి. ప్రణాళికలోని పట్టికలో ఇలా రాసుకున్నాను: ఎత్తు, బాగుంది. రంగు, తెలియడం లేదు.

అసలు చిక్కు 'చివరి మంచు తేదీ' అనే గడితో వచ్చింది.

"పెద్దమ్మా, మనకు మంచు ఎప్పటిదాకా పడుతుంది?"

"పొద్దున పాలకెళ్లేటప్పుడు కాస్త ఉంటుందిగా. ఎందుకురా?"

"అది కాదు, గడ్డకట్టే మంచు."

"ఫ్రిజ్‌లో చూడు."

ఎందుకైనా మంచిదని ఆ గడిలో మార్చి పదిహేను వేశాను.

తర్వాతి దశ, మొక్కలకు బయటి చలి అలవాటు చేయడం. మొదటిరోజు ఒక గంట, రెండోరోజు రెండు గంటలు. అలా మార్చి నడిమధ్యలో, ముప్పై ఎనిమిది డిగ్రీల ఎండలో, నలభై మొక్కలకు చలి అలవాటు చేయడం మొదలుపెట్టాను. కుండీలు మోసి మోసి వాటికంటే ముందు నేను వాడిపోయాను. మూడోరోజుకు ఆకులు వేయించిన అప్పడాలయ్యాయి.

బట్టలారేయడానికి పైకొచ్చిన యాదమ్మక్క ఆగిపోయింది. "ఏంది తమ్మీ, వరుగులు పెడ్తున్నవా?"

"చలి అలవాటు చేస్తున్నానక్కా."

ఆవిడ తడిచెయ్యి నా నుదుటి మీద పెట్టి చూసింది.

ఈస్టర్ ముందు శనివారం స్త్రీల సమాజం వాళ్లు బుట్టలతో డాబా ఎక్కారు. "పూలేవి సుగుణమ్మగారూ?" అంది ఒకావిడ కుండీలన్నీ చూసి.

పెద్దమ్మ చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు చూసింది. బడిలో ఆ చూపుకి ఎంతమంది ఎక్కాలు మరిచిపోయి ఉంటారో.

"మంచు తేదీ దగ్గర చిన్న తేడా వచ్చింది పెద్దమ్మా."

"ఏ మంచురా?"

లామినేషన్ వెనక్కి దాచుకున్నాను.

పెద్దమ్మ కుండీల మధ్య ఒకసారి అటూ ఇటూ నడిచింది. "పూల సంగతి నాదే తప్పు, బజారులో కొనుక్కొస్తాను. వేదిక మీద క్రీస్తు ఖాళీ సమాధి బొమ్మ చుట్టూ ఎండిన మొక్కలతో కొండ కట్టాలన్నారుగా. ఇవన్నీ కిందికి దించండి" అంది. దించింది మాత్రం నేనే.

మర్నాడు ఆరాధనలో పాస్టరుగారు వేదిక చూసి, "ఆ కొండ అచ్చం నిజమైనదానిలా ఉంది. ఎవరు చేశారమ్మా?" అని అడిగారు.

పెద్దమ్మ నన్ను చొక్కా పట్టుకుని లేపింది. "మావాడేనండి. నాలుగు నెలలు పగలనకా రేయనకా కష్టపడ్డాడు."

చర్చి మొత్తం చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్య, తల వంచుకుని, సర్వజన సమక్షంలో మనసులో ప్రమాణం చేశాను: ఇకమీదట మా ఊరి ఎండను చూడకుండా, యాదమ్మక్కను అడగకుండా ఒక్క మెంతిగింజ కూడా నాటను.

పెంచిన మొక్కలు నలభై. పూసినవి సున్నా.