తెర ఉండిన గోడ

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. మా కాలనీలో అలాంటి కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు నేనే ఒకటి చెప్పబోతున్నాను. ఎవరైనా సగంలో లేచి వెళ్ళిపోతే తప్పుపట్టను.

మాది నాందేడ్. నాన్న నిజామాబాద్ వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. అలా పెరిగాం. కాలనీ నుంచి రెండు గల్లీలు దాటితే ఒక టాకీసు ఉండేది. రేకుల కప్పు. గట్టిగా వాన పడితే తెర మీద మాటలు వినపడేవి కావు. ముందు బెంచీలు, వెనక కుర్చీలు, ఒక పక్కన నడుమెత్తు గోడ కట్టి ఆడవాళ్ళకు వేరే చోటు. రోజూ హిందీ, మరాఠీ సినిమాలే ఆడేవి. ఆదివారం పొద్దున మాత్రం మాలాంటివాళ్ళ కోసం తెలుగు సినిమా వేసేవాళ్ళు.

కూల్చేశాక అందరూ ఆ టాకీసు గురించి ముద్దుగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. నాకు అంత ముద్దేమీ లేదు. అక్కడి జనం అంటే చిన్నప్పుడు భయం. రీలు తెగితే బెంచీలు ఎత్తి కొట్టేవాళ్ళు. ఎవరైనా తెరకు అడ్డంగా లేచి నిలబడితే చాలు, హాలు హాలంతా బూతులు. చేతిలో ఏముంటే అది విసిరేవాళ్ళు. చీకట్లో ఎవరు విసిరారో తెలియదు కదా.

జనం రావడం తగ్గి టాకీసు మూతపడింది. చాలాకాలం తాళం వేసి ఉంచారు. తర్వాత జేసీబీలు వచ్చాయి. కుర్చీలు తలా ఒకటి పట్టుకుపోయారు. ఆ స్థలంలో మూడంతస్తుల కాంప్లెక్సు లేచింది. వెనక గోడ ఒక్కటి మాత్రం కూల్చలేదు. దానికి ఆనుకుని పక్కవాళ్ళ ఇల్లుంది. పాత గోడకే సిమెంటు గిలాబు చేసి, సున్నం వేసి, కొత్త గదులు కలిపేశారు. తెర ఉండినది ఆ గోడకే.

కింది అంతస్తులో ఆ గోడ ఉన్న చివరి గది నేను కిరాయికి తీసుకున్నాను. నేను శివణ్ క్లాసు నడుపుతాను, అంటే కుట్టు నేర్పుతాను. ఆ గోడకే నల్లబోర్డు బిగించి, దానికి ఎదురుగా మిషన్లు వేశాను. పొద్దున ఒక బ్యాచీ, మధ్యాహ్నం మూడింటికి ఒక బ్యాచీ. అందరూ పెళ్ళయిన ఆడవాళ్ళే. పొద్దుటి బ్యాచీలో ఎప్పుడూ ఏమీ జరగలేదు. ఇది ముందే చెప్పాలి.

అది మొదటిసారి జరిగిన మధ్యాహ్నం బోర్డు మీద బ్లౌజు కొలతలు గీస్తున్నాను. వెనకనుంచి ఒక మగగొంతు, చాలా దగ్గరగా, "అరే బైఠ్ నా!" అంది. హిందీలో కూర్చోమని. తిరిగి చూశాను. ట్యూబులైట్లు వెలుగుతున్నాయి, కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆడవాళ్ళందరూ తలలు వంచుకుని నోటు పుస్తకాల్లో గీసుకుంటున్నారు. ఎవరైనా మాట్లాడారా అని అడిగితే ఎవరూ ఏమీ వినలేదన్నారు. బయట ఎవరో అయి ఉంటారనుకున్నాను.

తర్వాత దాదాపు రోజూ జరిగింది. మూడు దాటాక బోర్డు వైపు తిరిగితే వీపు మీద మంట పెట్టినట్టు ఉండేది. ఎవరో నన్ను చూస్తున్నారని కాదు, చాలామంది నన్ను అసహ్యించుకుంటున్నారని అనిపించేది. ఇంతకంటే సరిగ్గా చెప్పడం నాకు చేతకాదు. ఒకరోజు భుజానికి ఏదో తగిలింది. కింద చూస్తే పల్లికాయ పొట్టు. గుడ్డలకు నూనె మరకలు అంటుతాయని మా క్లాసులో ఎవరినీ ఏమీ తిననివ్వను. చీపురుతో ఊడ్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

అప్పుడే మానేయాల్సింది. మానలేదు. నాకు పంతం ఎక్కువ. అదీకాక ఆ క్లాసు నేను సొంతంగా నిలబెట్టుకున్నది. అరుపులకు భయపడి ఎందుకు వదలాలి?

ఒక మధ్యాహ్నం చెయ్యి కొలత గీయమని రేఖాతాయిని, అంటే రేఖక్కను, బోర్డు దగ్గరికి పిలిచాను. మంచి నేర్పరి, మాట తక్కువ. చాక్‌పీసు పట్టుకుని గీత మొదలుపెట్టిందో లేదో, తల రెండు చేతులతో కప్పుకుని నేలమీద కూలబడింది. కనుబొమ్మ పైన చీరుకుని రక్తం కారుతోంది. చుట్టూ వెతికాం. రాయి లేదు, గాజుముక్క లేదు, ఏమీ లేదు. నీళ్ళు తాగించాక ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "ఏ బాయీ, ఖాలీ బస్ అని అరిచింది ఎవరు?" మరాఠీలో కింద కూర్చో అని దాని అర్థం. హిందీలో నాకు వినిపించిందీ అదే మాటని అంతవరకూ నేను ఎవరితోనూ అనలేదు.

ఆమె మళ్ళీ రాలేదు. ఆమెతోపాటు మరో నలుగురు మానేశారు. నేనే ఏదో విసిరి కొట్టానని గల్లీలో మాట పుట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారం సెలవురోజున ఒక్కదాన్నే వెళ్ళాను. మూడింటికి గోడకు వీపు ఆనించి, ఖాళీ మిషన్ల వైపు తిరిగి నిలబడ్డాను. ఎవరో ఏమిటో మొహం మీదే తేల్చుకోవాలని.

ఈలలు మొదలయ్యాయి. కాళ్ళతో నేలను తన్నుతున్న చప్పుడు. హిందీలో, మరాఠీలో బూతులు, ఒకదాని మీద ఒకటి. గదిలో ఏమీ కనిపించలేదు, మిషన్లు కదల్లేదు. కానీ ఆ ద్వేషం నన్ను గోడకు అదిమిపెట్టింది. ఆ అరుపుల మధ్య, ఎడమపక్క నుంచి, ఒకప్పుడు ఆడవాళ్ళ చోటు ఉన్న వైపు నుంచి, ఒక ఆడగొంతు తెలుగులో లేచింది.

"ఓ ముండా! కూసోవే! బొమ్మ కనవడ్తలేదు!"

అది మా అమ్మ గొంతు.

నేను పొరబడలేదు. గట్టిగా అరిస్తే అమ్మ గొంతు చివర్లో సన్నగా చీలుతుంది. మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయల దగ్గరికి మేకలు వస్తే అలాగే అరిచేది. కాకపోతే ఆ గదిలో విన్న గొంతు పడుచుది.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఇంటికి వెళ్ళేసరికి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చెప్పులు కూడా విప్పకుండా అడిగాను.

"అమ్మా, నువ్వు గా టాకీసుల ఎప్పుడన్న ఎవరినన్న కూసోమని అరిసినవా?"

అమ్మ చెయ్యి ఆగిపోయింది. "నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్తే ఏంది? అరిసినవా లేదా?"

చిక్కుడుకాయల చాట పక్కకు జరిపింది. "పెండ్లయిన కొత్తల మీ బాపు, నేను మూడింటి మాట్నీకి పోయినం. బొమ్మ మంచిగ నడుస్తుండె. ఒక ఆడామె సంకల పోరిని ఏసుకొని అచ్చి తెర ముంగట నిలవడ్డది. మొగన్ని పేరు వెట్టి పిలుస్తుంది. అందరు అరిసిండ్రు. నేను గూడ అరిసిన. చేతిల పల్లికాయలుండె, ఇసిరికొట్టిన. ఎవరో గట్టిదే కొట్టిండ్రు, నెత్తురచ్చింది. గేటు కాడి మనిషి రెక్క వట్టి గుంజుకపోయిండు."

"పోరికేమయింది?"

"జరమట. దవఖానకు తోల్కపొమ్మని మొగని కోసం అచ్చిందట. తెల్లారి కాలనీల చెప్పుకున్నరు, పోరి దక్కలేదని."

"ఆమె ఎవరమ్మా?"

"తెల్వది బిడ్డా. మొఖం గూడ సక్కగ జూడలే. బొమ్మకు అడ్డమొచ్చింది, గంతే."

మర్నాడు తనే, "నన్ను ఆడికి తోల్కపో" అంది. వద్దన్నాను, వినలేదు. క్లాసుకు సెలవు చెప్పి, ఆటోలో తీసుకెళ్ళాను. మూడింటికి అమ్మ ఆ గోడ ముందు, గదివైపు తిరిగి నిలబడింది. నేను తలుపు దగ్గర ఉన్నాను. అమ్మ పెదవులు బిగుసుకుని ఉన్నాయి, అది నా కళ్ళతో చూశాను. గదిలోంచి అదే చీలిన గొంతు అమ్మ మీదే అరుస్తోంది. కూసోవే, కూసోవే అని.

"ఏమన్న వినవడ్తుందా?" అని అమ్మ నన్ను అడిగింది.

"ఏం లేదు," అన్నాను.

"నాకు గూడ ఏం వినవడ్తలేదు" అంటూనే మెల్లగా నేలమీద కూర్చుంది. మోకాళ్ళు నొస్తున్నాయంది. ఆమె కూర్చోగానే గది నిశ్శబ్దమైపోయింది.

ఆ నెలలోనే గది ఖాళీ చేశాను. క్లాసు ఇప్పుడు మా ఇంటి ముందు గదిలో నడుస్తోంది. ఆ చివరి గదిని కాంప్లెక్సు వాళ్ళు గోదాముగా వాడుకుంటున్నారు. అట్టపెట్టెలు గోడ పొడుగునా పేర్చి ఉంటాయి, ఎవరూ నిలబడే పని లేదు.

చనిపోయినవాళ్ళు దెయ్యాలవుతారని చెప్పేవాళ్ళతో నేను ఇప్పటికీ వాదిస్తాను. కానీ వాళ్ళ దగ్గర కనీసం ఒక సమాధానం ఉంది. నా దగ్గర అదీ లేదు. మా అమ్మ బతికే ఉంది. నేను ఇది రాస్తుంటే పక్కగదిలోంచి టీ పెట్టమని పిలుస్తోంది.