బోణీ దస్తీలు

మొన్న పొద్దున మా డిపార్టుమెంటు అటెండరు హాజరుపట్టీ నా ముందు పెట్టి, "అమ్మా, చందాల సారు రాత్రి దవాఖానల పానం ఇడిసిండట" అన్నాడు. క్లాసుకు వెళ్లి పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

యూనివర్సిటీలో ఆయనను అందరూ అలాగే పిలిచేవారు. మొదట ఒక అనాథాశ్రమానికి, ఆ తర్వాత మాకు, ఉద్యోగమంతా విరాళాలు అడగడమే ఆయన పని. డెబ్బైల చివర్లో, నేను లెక్చరర్‌గా చేరిన కొత్తలో, ఆడపిల్లల హాస్టలుకు చందాలు పోగుచెయ్యడానికి నన్ను ఆయన వెంట పంపారు. ఆడమనిషి పక్కనుంటే సేట్లు కసురుకోరని.

వరంగల్ బజారులో బోణీ కానిదే ఏ దుకాణదారూ పైసా వదలడు. బోణీ అయి గిరాకీ మొదలైతే మాట వినే తీరిక ఉండదు. అందుకని సారు తెల్లారగానే వెళ్లి, బట్టల దుకాణంలో ఒక దస్తీ, అంటే చేతిరుమాలు, కొని తనే బోణీ చేసేవారు.

"సేటూ, ఒక దస్తీ ఇయ్యి."

"మీ ఇంట్ల అందరికి పడిశమేనా సారూ? మొన్ననే కొంటిరి గద!"

"నీ బోణీ అయితే అయింది. ఇగ హాస్టలు ముచ్చట జెప్పనా?"

సేటు నవ్వేవాడు. ఎప్పుడో ఒకసారి ఇచ్చేవాడు. ఎక్కువసార్లు "దసరా పోనియ్యి సారూ" అనేవాడు. సారు దస్తీ మడత విప్పకుండా జేబులో పెట్టుకుని పక్క దుకాణం మెట్లెక్కేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. అది కనిపెట్టి ఒకసారి అన్నారు: "అడుగుడు నా పని, ఇచ్చుడు ఆయన పని. నడుమ సిగ్గుకేం పని బిడ్డా?"

దస్తీలన్నీ ట్రంకుపెట్టెలో చేరేవి. హాస్టలు తెరిచిన రోజున పిల్లకొకటి పంచాలని ఆయన కోరిక. "చీరె అడిగితే పైసల్లేవంటడు, దస్తీల దుకాణం మాత్రం పెట్టిండు" అని సారు భార్య, అమ్మగారు, నా ముందే దెప్పేవారు.

గోడలు లేచాయి. స్లాబు పడలేదు. సిమెంటు ధర పెరిగింది, పెద్దలు మారారు, వచ్చిన కొత్తవాళ్లకు వేరే భవనం ముఖ్యమైంది. మేడారం దిక్కు నుంచి వచ్చే ఒక అమ్మాయి బస్సుల్లో తిరగలేక చదువు మానేస్తూ, "స్లాబు పడితే కబురు చేయుండ్రి సారూ, మళ్లొస్త" అని చెప్పి వెళ్లింది. రిటైరయ్యాక కూడా ఆయన ప్రతి దుకాణంలో ఆ మాటే చెప్పేవారు. అది ఆశో, మానలేని అలవాటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ అమ్మాయి మాత్రం మళ్లీ రాలేదు.

మొన్న క్లాసయ్యాక నేను హన్మకొండలో సారు ఇంటికి వెళ్లాను, సేటు కూడా వచ్చాడు. "ఇగ మమ్ముల ఎవరడుగుతరమ్మా?" అన్నాడు నావైపు చూసి. నేనడుగుతానని అనాల్సింది. అడిగినా ఏం లేస్తుందని లోపల ఒక మాట.

సాయంత్రం మా విద్యార్థినులు కొందరు వచ్చారు. అమ్మగారు ట్రంకుపెట్టె తెరిచి, ఒక్కొక్కరి చేతిలో ఒక దస్తీ పెట్టారు. "మీ కోసమే కొన్నడు బిడ్డా" అన్నారు, ఇంకేమీ చెప్పకుండా. మడతల వెంట పసుపు గీతలు పడి ఉన్నాయి. పిల్లలు కళ్లు తుడుచుకున్నారు. ఊళ్లకు పోయే ఆఖరి బస్సు వేళయిందని లేచి పరుగెత్తారు.

వాళ్లింటి ఎదురుగానే బస్‌స్టాపు; నేను గేటు దాకా వెళ్లాను. బస్సు కదిలింది. కిటికీల పక్క కూర్చున్న పిల్లలు ఆ దస్తీలు విప్పి, రోడ్డు దుమ్ముకు ముక్కుల మీదుగా కట్టుకుంటున్నారు.