భువనగిరి దగ్గరి దర్గాలో మా పాపకు మలీదా

సాఫ్ట్‌వేర్ కంపెనీలు జోరుగా మనుషుల్ని తీసుకుంటున్న రోజుల్లో శ్రీకాకుళం నుంచి వచ్చి మెట్టుగూడలో కాపురం పెట్టాం. ఏడాది తిరక్కుండానే మా పాప లల్లికి గుండెలో రంధ్రం ఉందని తెలిసింది. ఆపరేషన్‌కు వారం ఉందనగా, కింది వాటాలో ఉండే దర్జీ రషీద్ భాయ్ తన ఊరి దర్గాలో మలీదా పెట్టించి రమ్మన్నాడు. నాకు ఇలాంటివాటి మీద పెద్ద గురి లేదు. కానీ ఆ వారం ఎవరేం చెప్పినా కాదనే ధైర్యమూ లేదు. శుక్రవారం సెలవు పెట్టాను.

రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి మా ఆవిడ తెల్లవారకముందే మలీదా చేసింది. సికింద్రాబాద్‌లో పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కితే గంటన్నరలో భువనగిరి. టికెట్ పది రూపాయల్లోపే. స్టేషన్ బయట రషీద్ భాయ్ ఊరికి షేర్ ఆటోలు దొరుకుతాయి. గతుకుల్లో మాకు ఒళ్లు హూనమైంది కానీ పాప హాయిగా నిద్రపోయింది. ఊళ్లో ముస్లింల ఇళ్లు పట్టుమని పది ఉండవని, దర్గాకు వచ్చేది ఎక్కువగా హిందువులేనని ఆటో అతను చెప్పాడు.

దర్గా చూసుకునే ఖాదర్ సాబ్ పాప తలను నెమలీకల కట్టతో నిమిరి, మలీదా సమాధి ముందు పెట్టమన్నాడు. ఇంతలో గుమ్మం బయటి నుంచి ఆయన కొడుకు యూసుఫ్ అడ్డుపడ్డాడు. పట్నం మదర్సాలో చదివొచ్చి, ఊరి మసీదులో నమాజు చేయించేది అతనే.

"సమాధిని అడుగుడు తప్పు సార్. ఏదున్నా అల్లానే అడగాలె."

మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండింది. వీళ్ల తగువుకు మా పాపే దొరికిందా అనుకున్నాను. ఖాదర్ సాబ్ మాత్రం, "వానిది వాడు చెప్తడమ్మా. నువ్వు పెట్టు," అని నింపాదిగా ఫాతెహా ప్రార్థన చదివాడు.

బయటికొచ్చి యూసుఫ్‌కు మలీదా ఇవ్వబోతే మర్యాదగానే వద్దన్నాడు. సమాధి ముందు పెట్టింది తినడట. పాపకేమైందని అడిగాడు. చెప్పాను. ఎండలోనే నిలబడి, అరచేతులు పైకెత్తి చాలాసేపు దువా చేశాడు. చివర్లో మాకూ అర్థం కావాలనేమో, తెలుగులో అన్నాడు.

"ఈ బిడ్డ గుండె మంచిగ చెయ్యి, యా అల్లా."

ఆపరేషన్ బాగా జరిగింది. లల్లి ఇప్పుడు మా మేడమెట్లు పరుగెత్తి ఎక్కుతోంది. డాక్టర్లకు చేతులెత్తి మొక్కాను. ఆ తండ్రీకొడుకుల్లో ఎవరి పద్ధతి సరైనదో తేల్చడానికి నేనెవర్ని? ముక్కూమొహం తెలియని మా బిడ్డ కోసం ఇద్దరూ అడిగారు. ఇద్దరినీ తలచుకోని రోజు లేదు.

మీరు వెళ్లేటట్లయితే ఒక్క మాట. శుక్రవారమైతే పన్నెండులోపే చేరుకోండి. ఆ తర్వాత దర్గాకు తాళం వేసి ఉంటుంది. ఖాదర్ సాబ్ మసీదులో కొడుకు వెనుక నిలబడి నమాజు చేస్తుంటాడు.