వెనక్కి నడిచే సంపత్

కోసాడ్ కాలనీలో పంద్రాగస్టు పిల్లల పరుగుపందేనికి దారి గీసేది సాంచాల మీద బట్ట నేసే కార్ఖానాలో పనిచేసే సంపతే. చిల్లుల డబ్బాలో సున్నంపొడి పోసుకుని, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, గీత వంకరపోకుండా వెనక్కి నడుస్తూ గీస్తాడు. ఎవరి వాకిట్లోకి వచ్చాడో చూసుకోడు. ఎండాకాలంలో కరోనా వచ్చిన ఇళ్ల ముందు ఎవరూ దాటకుండా గీతలు గీసిందీ అతనే.

"మా ముంగట గియ్యకు సంపతన్నా," అంది ఈసారి వెనకనుంచి, తన గడపలో నిలబడ్డ జమున. "నువ్వప్పుడు గీసినంక దవాఖానకు పోయిన మా ఆయన మళ్ల రాలే. తెల్లగీత జూస్తే పిల్ల మంచం కిందికి దూరుతది."

సంపత్ ఆగి వెనక్కి తిరిగాడు. గీసినంత మేరా చెప్పుకాలితో చెరిపేసి, దారిని వెనక గల్లీలోకి మళ్లించాడు.

తెల్లారి ఆ గల్లీలోంచి పిల్లల కేకలు వినిపిస్తుంటే, పరుగు చూద్దామని జమున కూతురు గడప దాకా వచ్చింది. ఎదురుగా గీత లేదు. పరిగెత్తే పిల్లలూ లేరు.