ముందు ఫొటో

వీధివాళ్ళంతా ఆయన్ని తారు బాబాయ్ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా రోడ్ల గుంతలు పూడ్చిన చేతులు ఆయనవి. సర్కారు కింద ఉన్నన్నాళ్ళూ గుంత కనిపిస్తే పూడ్చేయడమే, అడిగే నాథుడు లేడు. రోడ్లు కంపెనీ చేతికి వెళ్ళాక ఆ సుఖం పోయింది. ముందు గుంతకు ఫొటో తీసి ఫోన్లో ఎక్కించాలి, పైనుంచి సరేనని రావాలి, ఆ తర్వాతే పార పట్టాలి. ఫొటో లేని గుంత గుంతే కాదట! ఇదెక్కడి చోద్యమో ఆ పెద్దలకే తెలియాలి.

బాబాయ్ ఇంటి మలుపులో ఒక గుంత ఉంది. పోయిన నెల ఆయన భార్య పనికి వెళ్తూ స్కూటర్‌తో అందులో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పట్లో కంపెనీ ఆయన్ని ఊరి అవతలి కొసకు వేసింది. మొన్ననే ఇటు తిప్పింది. రేపు ఆమె మళ్ళీ పనికి వెళ్ళాలి. అందుకే ఈ పొద్దున్నే, పక్క రోడ్డులో మిగిలిన తారు కంకర తెచ్చి పోసి, దిమ్మిసతో కొట్టి నున్నగా చేశాడు. పాత అలవాటు కదా, ఫొటో మాటే మరిచాడు.

గంటలో సూపర్‌వైజర్ దిగాడు.

"ముందు ఫొటో ఏది బాబాయ్?"

"తియ్యలేదయ్యా. గుంత పూడింది, అది చాలదూ?"

"చాలదు. ఫొటో లేకపోతే కంకర ఎత్తుకెళ్ళావని రాస్తారు. తవ్వెయ్."

"పూడ్చిన గుంతని తవ్వాలా? మతుండే మాట్లాడుతున్నావా?"

"నేనూ పైవాళ్ళకి చెప్పుకోవాలిగా. తవ్వకపోతే రేపట్నించి రావద్దంటారు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. యాభై ఆరేళ్ళ మనిషికి ఇంకెవరు పనిస్తారు? గునపం ఎత్తాడు. ఇంకా సరిగా గట్టిపడని తారు పెళ్ళలుగా లేచింది.

"ఏం బాబాయ్, పనిలేక తవ్వుతున్నావా?" అని ఎదురింటాయన నవ్వాడు. సిగ్గుతో బాబాయ్ ప్రాణం చచ్చిపోయింది.

సూపర్‌వైజర్ ఫొటో తీసి ఎక్కించాడు. "సరేనని రావడానికి పద్నాలుగు రోజులు గడువుంది. అందాకా ముట్టుకోకు," అని బండెక్కాడు.

ఇంట్లో భార్య కట్టు విప్పిన చేతిని ఆడించి చూసుకుంటోంది. "గుంత పూడ్చారటగా! రేపు హాయిగా స్కూటర్ తీస్తాను."

"వద్దు. నడిచి వెళ్ళు. మళ్ళీ తవ్వేశారు."

"అయ్యో! ఏ దరిద్రుడండీ తవ్వింది? వాడి చేతులు పడిపోను!"

ఆయన తలెత్తలేదు.

"నేనే," అన్నాడు.