కడాయితో పాటు చిల్లుల తొట్టి

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే డబ్బు కట్టక్కర్లేనిదని అనుకునేవాళ్లే ఇప్పటికీ ఎక్కువ. మా ఆర్మూర్‌లో ఆ స్వేచ్ఛ గురించి వాదులాట జరిగిన ఒక సాయంత్రం నాకు గుర్తుంది. అక్కడున్నది ముగ్గురమే. రాసిపెట్టకపోతే అది మాతోనే పోతుంది.

తొంభైల చివర్లో బస్టాండు దగ్గరి కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసేవాణ్ని. పెళ్లి పత్రికలు, నోటీసులు తెలుగులో కొట్టడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రోగ్రాం ఒకటి ఉండేది. మా ప్రింటర్‌లో అక్షరాల తలకట్లు తెగిపోయేవి. ప్రోగ్రాం లోపలి రాత, అంటే సోర్స్ కోడ్, కూడా ఫ్లాపీలో ఉంది కాబట్టి దాన్ని కెలికి, వరుసల మధ్య ఎడం పెంచి సరిచేశాను. నా బడి చదువు పదితో ఆగింది. మిగతాదంతా గ్రంథాలయంలో నేర్చుకున్నదే. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

ఫ్లాపీలో ఆ ప్రోగ్రాం లైసెన్సు, అంటే ఇంగ్లీషు ఒప్పందం ఒకటి ఉంది. గ్రంథాలయంలో నిఘంటువు ముందేసుకుని చదివాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అమ్ముకోవచ్చు కూడా! ఇంకొకరికి ఇస్తే మాత్రం, మనం మార్చిన లోపలి రాతతో సహా ఇవ్వాలి. వాళ్లకూ అవే హక్కులుండాలి. మరి ఎవరికీ ఇవ్వకుండా మన దగ్గరే ఉంచుకుంటే? తప్పు లేదు. ఇదే నాకు చాలా రోజులు అంతుబట్టలేదు.

నందిపేట్‌లో కొత్తగా టైపింగ్ షాపు పెట్టినతను ఆ ప్రోగ్రాం కోసం వచ్చాడు. తెలుగు పని చేయలేకపోతే షాపు మూసుకోవాల్సిందే.

మా సెంటర్ యజమాని నన్ను పక్కకు పిలిచాడు. "నడిచేది ఇయ్యి. లోపలిది ఇయ్యకు. ఖరాబైతే మన తానకే వస్తడు."

"ఇస్తే మొత్తం ఇయ్యాలె అన్నా. లేకుంటే ఇయ్యనే వద్దు. గట్ల రాసుంది."

"రాసినోడు ఆర్మూర్ వచ్చి చూస్తడా?"

నందిపేట్ అతనికి వినబడనే వినబడింది. నవ్వాడు. "అన్నా, మొన్న పసుపు ఉడకవెట్ట మా కడాయి తీస్కపోతివి. చిల్లుల తొట్టి గూడ ఇస్తిమి గదా? ఉట్టి కడాయి ఇచ్చి, ఉడికినంక కొమ్ములు తీసెటందుకు మమ్ములనే పిలువుమంటే ఊకుంటుంటివా?"

మరుగుతున్న నీళ్లలోంచి పసుపు కొమ్ములను పైకెత్తేది ఆ తొట్టితోనే. మా వైపు కడాయి అడిగినవాళ్లకు అడగకపోయినా తొట్టీ వస్తుంది.

"నీ నోట్ల మన్నువడ! కడాయి ముచ్చట గీడికి తెస్తివా?" అని యజమాని నా వైపు తిరిగాడు. "ఇయ్యి, మొత్తం ఇయ్యి." మళ్లీ నందిపేట్ అతని వైపు చూశాడు. "గని తమ్మీ, ఆర్మూర్‌ల షాపు పెట్టినవంటే సూడు!"

"పెడ్త. నీ ఎదురుంగనే పెడ్త!"

కొన్నాళ్లకు అతను నందిపేట్‌లో కొట్టిన పెళ్లి పత్రిక తెచ్చి చూపించాడు. తలకట్లన్నీ ఉన్నాయి.

ఎలా ఇవ్వాలో ఒప్పందం చెప్పింది. ఇవ్వమని మాత్రం అందులో ఎక్కడా లేదు. ఆ మాట కడాయి దగ్గర్నుంచి వచ్చింది.

చీకటిపడేదాకా నిఘంటువుతో కూర్చోనిచ్చిన లైబ్రేరియన్ గారికి, గొణుగుతూనే సరేనన్న మా యజమానికి, కడాయి గుర్తుచేసిన నందిపేట్ అతనికి దండాలు. ప్రోగ్రాం రాసినవాళ్లను నేనెన్నడూ చూడలేదు. ఫైలు మొదట్లో ఉన్న వాళ్ల పేర్లు మాత్రం ఆ రోజు చెరపకుండా అతని ఫ్లాపీలోకి పంపాను.