ముత్తమ్మ కుర్చీ వెనుక కాళ్ళు

అది 2006 వానాకాలం. భద్రాచలంలో నేను వడ్రంగి షెడ్డు పెట్టుకుని అప్పటికి పదకొండేళ్ళు. మాది ముదిగొండ దగ్గర పల్లె. మేనమామ దగ్గర పని నేర్చుకుని, గోదావరి దాటి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాను. తలుపులు, మంచాలు, బల్లలు అన్నీ చేస్తాను గానీ కుర్చీ అంటే నాకు మోజు. అది కష్టమైన పని. మంచం మీద మనిషి బరువు పరుచుకుని ఉంటుంది. కుర్చీలో మనిషి వెనక్కి వాలతాడు, పక్కకు ఒరుగుతాడు, చేతుల మీద బరువు మోపి లేస్తాడు. ఆ భారం చాలావరకు వెనుక రెండు కాళ్ళ మీదే పడుతుంది.

ఒకరోజు చర్ల అవతల అడవి ఊరి నుంచి జోగయ్య అనే రైతు ట్రాలీ ఆటోలో పాత దూలం వేసుకుని వచ్చాడు. అతని భార్య ముత్తమ్మ పొలం గట్టు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఇక్కడి దవాఖానాలోనే ఆపరేషన్ అయింది. నేల మీద గానీ పీట మీద గానీ కూర్చోకూడదనీ, చేతులున్న ఎత్తు కుర్చీ కావాలనీ, ఇంకోసారి పడితే మళ్ళీ నడవడం కష్టమనీ డాక్టరు చెప్పి పంపాడట.

"మా ఇంట్ల కుర్చీ లేదు మేస్త్రీ. మాకెన్నడు పనిబడలే" అన్నాడు జోగయ్య. "ఇది మా నాయన ఏసిన దూలం. దీంతోటే చెయ్యి."

దూలం ఏగిస చెట్టు చెక్క. ఎర్రగా, గట్టిగా, చేవ తేలి ఉంది. సా మిల్లుకు పట్టుకెళ్ళాను. మిల్లులో మొదట అడిగేది ఎట్లా కొయ్యాలనే. దుంగ కొసను చూస్తే నీళ్ళలో రాయి వేసినట్టు గుండ్రటి వలయాలు కనిపిస్తాయి. పై నుంచి వరుసగా పలకలు తీసుకుంటూ పోతే ఫ్లాట్ కట్. పలకలు ఎక్కువ వస్తాయి గానీ వానలకు చెమ్మ పీల్చుకుని పళ్ళెంలా వంగుతాయి. వలయాలు పలక మందంలో నిటారుగా నిలబడేట్టు కోస్తే క్వార్టర్ కట్. చెక్క చాలా వృథా అవుతుంది గానీ పలక ఏళ్ళ తరబడి చదునుగా ఉంటుంది. ఆమె రోజంతా కూర్చునే కుర్చీ కదా అని కూర్చునే పలకకు క్వార్టర్ కట్ చేయించాను. అది సరైన నిర్ణయమే. తప్పు ఆ తర్వాత జరిగింది.

వెనుక కాళ్ళు తిన్నగా పెడితే సరిపోయేది. కానీ ఒక బంగళాలో చూసిన కుర్చీ నా మనసులో ఉండిపోయింది. దాని వెనుక కాళ్ళు నడుము దగ్గర వంపు తిరిగి కిందికి సాగి ఉండేవి. అలాంటిది చేయాలని సరదా పుట్టింది. మిగిలిన తిన్నటి పలక మీద వంపు గీసి రంపంతో కోశాను.

చెక్కలో పోగులు పొడవునా పరుగెత్తుతాయి. ఆ పోగుల వరసనే గ్రెయిన్ అంటాం. మనం కాలును వంపుగా కోసినంత మాత్రాన పోగులు వంపు తిరగవు. వంపు దగ్గర అవి ఈ అంచున మొదలై ఆ అంచున తెగిపోతాయి. దీన్ని షార్ట్ గ్రెయిన్ అంటాం. పైకి ఎంత మందంగా కనిపించినా అక్కడ కాలు బిస్కెట్ లాంటిదే. నాకు ఈ సంగతి తెలియక కాదు. ఏగిస కదా, ఇనుములాంటిది, ఏమీ కాదులే అనుకున్నాను.

గురువారం జోగయ్య వచ్చి కుర్చీ తీసుకెళ్ళాడు. శనివారం సాయంత్రం మా ఆవిడ సారమ్మ పొయ్యిలోకి షెడ్డులోని ముక్కలు ఏరుకుంది. అందులో నేను మొదట కోసి, పాత మేకు బెజ్జం ఉందని పక్కన పడేసిన కాలు ఒకటి. పొడుగ్గా ఉందని గడప రాయికి ఒక్కటి కొట్టింది. పుటుక్కున రెండైంది.

"ఇనుమసొంటిదన్నవ్, ఒక్క దెబ్బకే ఇరిగింది ఏంది?" అంది.

ముక్కలు చేతిలోకి తీసుకుని చూశాను. విరిగింది మేకు బెజ్జం దగ్గర కాదు, సరిగ్గా వంపు దగ్గర. అలాంటివే రెండు కాళ్ళ మీద ముత్తమ్మ కూర్చుని ఉంది. కుర్చీకి అడ్డపట్టీలు ఉన్నాయి కదా, ఆగుతుందేమో అని కాసేపు సర్దిచెప్పుకోబోయాను. కుదరక సారమ్మకు సంగతి చెప్పాను.

"రేపు ప్రార్థనకు నేను పోత. నువ్వు చర్లకు పో."

తెల్లవారగానే మా ఇంట్లోని తిన్నటి కాళ్ళ కుర్చీకి కింద చెక్క దిమ్మలు బిగించి ఎత్తు పెంచాను. దాన్ని బస్సు పైన కట్టించి చర్లలో దిగాను. అక్కడి నుంచి రోడ్డు ఉన్నంత వరకు ఆటో, ఆ తర్వాత బురదలో కుర్చీ నెత్తిన పెట్టుకుని నడక. దారిలో నక్సలైట్ల కోసం కాపు కాసే క్యాంపు పోలీసులు ఆపి, కుర్చీ మోసుకుని అడవిలోకి ఎక్కడికని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెబితే నమ్మినట్టు లేరు గానీ వదిలేశారు.

వెళ్ళేసరికి ముత్తమ్మ వసారాలో ఆ కుర్చీలోనే కూర్చుని చేటలో కందులు ఏరుతోంది. నన్ను చూసి వెనక్కి వాలి నవ్వింది. కాళ్ళ సంగతి అరిచి చెప్పబోయి ఆగాను. భయపెడితే గబుక్కున లేస్తుంది. లేవాలంటే కుర్చీ చేతుల మీదే బరువు మోపాలి. మెల్లగా వెనక్కి వెళ్ళి వీపు చట్రాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

"అక్కా, కదలకు. జోగన్నను పిలువు."

జోగయ్య వచ్చాడు. ఇద్దరం చెరో రెక్క కింద చేయి వేసి ఆమెను లేపి నేను తెచ్చిన కుర్చీలో కూర్చోబెట్టాం. అప్పుడు నేను పాత కుర్చీ వీపు పట్టుకుని వెనక్కి లాగాను. రెండోసారి లాగగానే ఎడమ కాలు వంపు దగ్గర టప్పున విరిగింది. విరిగిన చోట సగం మేర అప్పటికే దుమ్ము చేరిన చీలిక ఉంది, ఆమె బరువుకే మొదలైనది. వసారా అంచున కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. ఆమెకు ఏమీ కాలేదు, అంతే చాలు.

తప్పు నాదేనని, చెక్క మంచిదేనని, అందం కోసం చేయరాని కోత కోశానని ఇద్దరికీ చెప్పాను. జోగయ్య తిడతాడనుకున్నాను. అతను విరిగిన ముక్కను వేళ్ళతో తడిమి చూశాడు.

"నాగలికి మేం వంకర కర్రనే ఎతుకుతం. దొరికేదాక ఎతుకుతం" అన్నాడు. "వంకర చెట్టుకు ఉండాలె మేస్త్రీ. రంపంతోటి రావొద్దు."

లోపలికి వెళ్ళి పొయ్యి పైన అటక మీంచి ఒక కర్ర దించాడు. నాగలి కోసం దాచి, రెండేళ్ళు పొగకు ఎండబెట్టిన కర్ర. పుట్టుకతోనే వంగినది. పోగులన్నీ తెగకుండా ఈ కొస నుంచి ఆ కొసకు వంపు వెంటే సాగాయి. నాగలి ఎట్లా మరి అంటే, "అడివిల ఇంకోటి దొరుకుతది" అన్నాడు.

రెండు రోజుల తర్వాత పనిముట్ల సంచితో మళ్ళీ వెళ్ళాను. రంపానికి ఒక పక్క అతను, ఒక పక్క నేను. కర్రను నిలువునా నడిమికి కోస్తే కవలల్లాంటి రెండు కాళ్ళు వచ్చాయి. మర్నాటికల్లా కుర్చీ నిలబడింది. ముందు నేను కూర్చుని వెనక్కి ఊగాను. తర్వాత జోగయ్య. చివరికి ముత్తమ్మ కూర్చుంది, రెండు చేతులూ మోపి తనంతట తాను లేచింది. ఆ రాత్రి వాళ్ళింట్లోనే ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

చలికాలంలో ఆమె దవాఖానాకు చూపించుకోవడానికి వచ్చి, కర్ర ఊతంతో నడుచుకుంటూ మా షెడ్డుకు వచ్చింది. కూర్చోమని, కొత్తగా చేసిన వేరే కుర్చీ ఒకటి జరిపాను. ఆమె వెంటనే కూర్చోలేదు. వంగలేదు కాబట్టి చేతికర్రతో వెనుక కాళ్ళను రెండింటినీ తట్టి, నా ముఖం చూసి నవ్వి, అప్పుడు కూర్చుంది.

నాకు చిన్నతనం అనిపించలేదు. అట్లా తట్టి చూసుకునే హక్కు ఆమెకుంది. తట్టి చూడాలన్న ఆలోచనే రాకుండా మనుషులు కూర్చోగలగాలి. నా పని అదేనని ఆ ఏడాది తెలుసుకున్నాను.